నాయనమ్మ చెముడు

నా చిన్నప్పుడు తెలుగునేలకు దూరంగా ఉన్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో మా వరస ఇళ్ళ మొత్తానికి తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మా నాన్న లైను మీద గ్యాంగులో పనిచేసేవాడు, ఆయనకు చదువు రాదు. నాయనమ్మకు అసలే రాదు. నేను మాత్రం చర్చిలో ఆదివారం బడికి వెళ్ళి అక్షరాలు దిద్దుకున్నాను. ఊరి నుంచి ఎవరికి ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. అది నాకు చాలా గొప్పగా ఉండేది.

ఏడాదికొక ఉత్తరం మా సొంత జిల్లాలోని ఒక క్రైస్తవ కళాశాల నుంచి వచ్చేది. మా మేనత్త అక్కడ ఫీజు లేకుండా చదివి టీచరమ్మ అయింది. ఆ తర్వాత కొద్దికాలానికే జబ్బుచేసి పోయింది. నాయనమ్మ ఆ కళాశాలను "నా బిడ్డకి అన్నమెట్టిన కాలేజీ" అనేది. ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి, బైబిలు పెట్టే అలమర కింద ఉన్న రేకు డబ్బాలో వేసేది. ఆమెను చూసి వరసలోని ఆడవాళ్ళందరూ అలాగే వేసేవారు. క్రిస్మస్ ముందు ఉత్తరం రాగానే ఆ బియ్యం కొట్లో అమ్మి కాలేజీకి మనియార్డరు కట్టేవారు.

నాకు పదకొండేళ్ళప్పుడు మా క్వార్టర్ల ఫుట్‌బాల్ జట్టులో బూట్లు లేనివాళ్ళను గీత బయట నిలబెట్టడం మొదలైంది. నేను గీత బయటే ఉండేవాణ్ణి. ఆ ఏడు వచ్చిన ఉత్తరంలో, తుఫానుకు ఆడపిల్లల హాస్టలు కప్పు ఎగిరిపోయిందనీ, పిల్లలు తరగతి గదుల్లో పడుకుంటున్నారనీ, ఎప్పటికంటే కాస్త ఎక్కువ సాయం చెయ్యమనీ ఉంది. ముందు మనసులో చదువుకున్నాను. తర్వాత కాగితం మీద నుంచి చూపు తిప్పకుండా, దేవుని దయవల్ల ఈ ఏడు కాలేజీకి ఏ లోటూ లేదు, మీ బియ్యం మీ పిల్లలకే వండిపెట్టుకోండి అని రాసి ఉన్నట్టు పైకి చదివాను.

నాయనమ్మ సంతోషంతో కళ్ళు తుడుచుకుంది. ఇంటింటికీ వెళ్ళి, "మన కాలేజీకి లోటు నేదంట" అని చెప్పుకొచ్చింది. నేను అబద్ధమాడింది ఆమె ఒక్కదానితోనే. అది ఒక్క పూటలో వరసంతా తిరిగింది. అందరూ బియ్యం వండుకున్నారు. మా డబ్బా బియ్యం మాత్రం కొట్లో అమ్ముడై నాకు బూట్లయ్యాయి.

కొత్త సంవత్సరం వెళ్ళాక పాస్టరు అయ్యగారు గృహప్రార్థనకు వచ్చారు. ఆడవాళ్ళంతా మా వరండాలో చేరారు. ఆ మంచి కబురు అయ్యగారి నోట కూడా వినాలని నాయనమ్మకు ఆశ కలిగింది. బైబిల్లోంచి ఉత్తరం తీసి ఇచ్చింది. ఆయన ఉన్నది ఉన్నట్టు చదివారు. నేను బూట్లతో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను.

"ఇంతకుముందు ఇది మీకు ఎవరు చదివిపెట్టారమ్మా?" అన్నారు అయ్యగారు.

నాయనమ్మ నా మొహం వైపు చూడలేదు. నా కాళ్ళ వైపు చూసింది. "మా గుంటడేనండి. ఆడు సరిగ్గానే సదివినాడు. నాకే సెవులు ఇనపడ్డం నేదు."

పక్కింటి పిన్ని ఊరుకోలేదు. "మా ఇంట్లో మొగుడూ పెళ్ళాల గుసగుసలు ఇనపడతాయి గానీ, కాలేజీ గోడు ఇనపడనేదేటి మామ్మా?"

నాయనమ్మ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏటీ?" అంది. అందరూ నవ్వారు.

ఆ సాయంత్రమే ఆమె గిన్నె పట్టుకుని మళ్ళీ ప్రతి గుమ్మమూ ఎక్కింది. తప్పు తనదేనని చెప్పుకుని బియ్యం అడిగింది. కొందరు పెట్టారు, కొందరు సణుగుతూ పెట్టారు. నన్ను కొడుతుందని చూశాను. కొట్టలేదు, అడగలేదు. మర్నాడు నేను మంచం కింద దాచిన బూట్లు తనే తీసి నా ముందు పెట్టింది. "ఆడుకో. బూట్లకేటి తెలుసు" అంది.

అప్పటి నుంచి ఆమె పేరు చెవిటి మామ్మ. ఆ పేరు నిలబెట్టడానికి ఆమె నిజంగానే చెవిటిదానిలా బతికింది. వెనక నుంచి పిలిస్తే తిరిగేది కాదు. చర్చిలో వినపడనట్టు ముందు చాప మీద కూర్చునేది. ఇంట్లో మాత్రం మా నాన్న వచ్చే లోకలు రైలు ఇంకా వంపు తిరగకముందే, ఆ చప్పుడుకే పొయ్యి మీద టీనీళ్ళు పెట్టేది. పన్నెండేళ్ళు అలాగే గడిచాయి. అందులో ఏ రోజైనా నేను నిజం చెప్పి ఉండవచ్చు. ఉద్యోగం వచ్చాక కూడా చెప్పలేదు. ఆమె భూస్థాపన నాడు, చెవులు వినపడకపోయినా దేవుని మాట విన్న తల్లి అని అయ్యగారు అన్నారు. పెట్టె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. అప్పుడూ నోరు విప్పలేదు.

మొదటి జీతం నుంచి ఇవాళ్టి పింఛను దాకా ఆ కాలేజీకి ఏటా పంపుతూనే ఉన్నాను. పోయిన నెల మా సంఘంవాళ్ళు నాకు శాలువా కప్పి, ఇంత ఉదార హృదయం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. నాయనమ్మ నేర్పిందని మాత్రం చెప్పి కూర్చున్నాను. సగం నిజం చెప్పడం నాకు పదకొండో ఏట నుంచీ అలవాటే. మిగతా సగం ఇదిగో, ఇక్కడ రాశాను.

ఇప్పటికీ కాలేజీ ఉత్తరం వస్తే, న్యూ టౌన్‌లోని ఈ ఫ్లాట్‌లో ఒక్కణ్ణే కూర్చుని మొదటి నుంచి చివరి దాకా పైకి చదువుతాను. సాయం అడిగిన వాక్యాలు రెండోసారి చదువుతాను. గొంతు పెంచను. ఆమెకు చెవులు బాగానే వినపడేవి.