పదును చూసిన కాగితాలు

కత్తెరకు పదును వచ్చిందో లేదో తెలియాలంటే పల్చటి కాగితం కావాలి. గుడ్డనైతే మొద్దు కత్తెర కూడా ఎలాగోలా నమిలి తెంపుతుంది. పల్చటి కాగితం దగ్గర మాత్రం ఏ కత్తెర గుట్టూ దాగదు. ఈ సంగతి నాకు చెప్పింది కత్తెరక్క. నా గొడుగుల కొట్టుకూ, ఆమె సానపట్టే షెడ్డుకూ మధ్య ఒక్కటే గోడ. ఇవతల గొడుగు పుల్లలు వంచుకుంటూ ఏళ్లతరబడి ఆమె చక్రం చప్పుడు విన్నాను. బాగా తిరుగుతున్నప్పుడు అది తుమ్మెద ఝుంకారంలా ఉండేది. ఆ చలికాలం చివర్లో అది మధ్యమధ్య ఆగిపోవడం మొదలైంది. ఆగిన ప్రతిసారీ నా చేతిలో పని కూడా ఆగేది.

పొద్దునపూట ఆమె పెద్దాసుపత్రిలో సగంపూట ఉద్యోగి. ఆపరేషన్ల గదిలోంచి వచ్చిన కత్తెరలూ పట్టకార్లూ కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ వెలుతురుకెత్తి చూసి పళ్లెంలో పేర్చాలి. మధ్యాహ్నం నుంచి సొంత పని. దర్జీలవి, మంగళ్లవి, మాంసం కొట్లవి, ఊళ్లో మొద్దుబారినవన్నీ ఆ షెడ్డుకే చేరేవి. షెడ్డు నడిమధ్య మామగారి చక్రం. మోకాలెత్తు ఇనుప చట్రం, దాని మీద బండి చక్రమంత సానరాయి, కింద నీళ్ల తొట్టి. మామగారు పోయినప్పుడు కొడుకు నిప్పురవ్వలకు భయపడి బస్సు నడపడానికి వెళ్లిపోయాడు. చక్రం ముందు కూర్చున్నది కోడలు.

"మా వంశంలో మగాళ్ల ధైర్యమంతా దారి తప్పి ఈ పిల్ల దగ్గరికొచ్చింది" అనేది అత్తగారు.

కత్తెరక్కకు ఒక పద్ధతుండేది. కత్తెర చేతికి రాగానే ఉన్నదున్నట్టుగా ఒక కాగితం ముక్క కోసి, అది ఎక్కడ నములుతోందో చూసేది. సానపట్టాక మళ్లీ కోసేది. కాగితమంటే ఏది చేతికందితే అది. సానరాళ్ల కొట్టువాడిచ్చిన బిల్లు, కరెంటు బిల్లు, షెడ్డు అద్దె రశీదు. బిల్లు కాగితమంత నిజాయితీ ఇంకే కాగితానికీ లేదని ఆమె వాదన. రాలిన పీలికల్ని అత్తగారు ఏరి, పొట్లాల్లో కత్తుల మధ్య కుక్కేది. మిగిలినవి దిళ్లలో కూరేది. "మేం పడుకునేది దూది మీద కాదు తమ్ముడూ, బిల్లుల మీద" అని కత్తెరక్క నాతో నవ్వేది.

మొదటి హెచ్చరిక ఆసుపత్రిలోనే వచ్చింది. వేరే వార్డుల కత్తెరల్ని ఆమె సంచిలో ఇంటికి తెచ్చి సానపట్టి ఇచ్చేది. వాటికి జీతంతో సంబంధం లేకుండా, ఒక్కోదానికింత అని ఆసుపత్రి విడిగా ఇచ్చేది. జీతాల గుమస్తా ఒకరోజు ఆమెను కిటికీ దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడట.

"అక్కా, నీకు ఈ జీతం ఒక్కటే అనుకుని మేం పన్ను కోస్తున్నాం. బయట పని డబ్బు దీని మీద చేరుతుంది. అది నువ్వే చెప్పుకోవాలి, నువ్వే కట్టుకోవాలి."

"జీతంలో కోసేశారుగా! ఒక్క మెడని ఎన్నిసార్లు కోస్తారయ్యా?"

అతను నవ్వలేదు. "మెడ ఒక్కటే కాబట్టే చెప్తున్నా. రెండు సంపాదనలూ దాని మీదే పడతాయి" అన్నాడట. ఆమె ఆ మాట నాకు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. చినుకు పడనిదే గొడుగు గుర్తు రాదని నాకంటే ఎవరికి బాగా తెలుసు!

తర్వాత పాత ఇనుము వ్యాపారి రావడం మొదలైంది. కొనేదేమీ లేదు, అమ్మేదేమీ లేదు. వచ్చి, చక్రం చట్రాన్ని గొడ్డు వీపు నిమిరినట్టు నిమిరి వెళ్లేవాడు. "అమ్మే రోజొస్తే నాకే చెప్పు చెల్లెమ్మా" అనేవాడు.

"నువ్వు గుమ్మంలో నిలబడితే గద్ద వాలినట్టుంటుంది. పోవయ్యా" అని అత్తగారు తోలేసేది. మళ్లీ వచ్చేవాడు. అతనికి ఎవరేం చెప్పారో ఈనాటికీ తెలియదు. కొందరు కష్టం వాసన ముందే పసిగడతారు.

ఇంకొకతను వచ్చాడు. బూట్లు శుభ్రంగా ఉన్నాయి. ఒకే ఒక్క చిన్న కత్తెర తెచ్చాడు, అదీ పదునుగానే ఉంది. అయినా సానపట్టించుకున్నాడు. పని జరుగుతున్నంతసేపూ గోడకు వేలాడుతున్న పొట్లాలనూ, ఆసుపత్రి సంచినీ చూస్తూ కూర్చున్నాడు.

"రశీదు ఇస్తారా అమ్మా?"

"కత్తెర తెగుతోందిగా బాబూ. అదే రశీదు."

సరేనన్నట్టు తలూపి డబ్బిచ్చి వెళ్లాడు. ఆ మధ్యాహ్నమే చక్రం మొదటిసారి ఆగింది.

"ఎందుకక్కా ఆపావు?" అని గోడ ఇవతల నుంచే అరిచాను.

"ఏమో తమ్ముడూ. నీళ్లు తగ్గాయేమోననిపించింది." నీళ్లు తగ్గలేదు.

పన్నుల ఆఫీసు నుంచి కబురు వచ్చినప్పుడు నన్ను తోడు రమ్మంది. బల్ల వెనక కూర్చున్నది ఆ శుభ్రమైన బూట్ల మనిషే. గొంతు పెంచలేదు. అలా పెంచి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేదేమో. ఆసుపత్రి వాళ్లు ఆమె పేరు రెండు చోట్ల రాశారట, ఉద్యోగుల్లో ఒకసారి, బయటి పనివాళ్లలో ఒకసారి. మొదటి దాని మీద పన్ను కట్ అయింది. రెండో దాని ఊసే ఆమె ఎవరికీ చెప్పలేదు. కొన్నేళ్లుగా చెప్పలేదు.

"మీరు దాచారని నేననడం లేదమ్మా" అన్నాడు. "సొంత పనికి ఖర్చులుంటాయి. రాళ్లు, కరెంటు, అద్దె. వాటికి బిల్లులు చూపిస్తే వచ్చినదాంట్లోంచి తీసేస్తాం. చూపించకపోతే వచ్చిందంతా లాభం కిందే లెక్క. అది జీతం మీద చేరుతుంది. ఆపైన జరిమానా. నెలాఖరులోగా తీసుకురండి."

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుంది. చక్రం అమ్మితే తప్ప అంత డబ్బు ఆ ఇంట్లో పుట్టదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. బిల్లులు ఎక్కడున్నాయో కూడా తెలుసు.

కరెంటు ఆఫీసు వాళ్లు పాత బిల్లులు మళ్లీ ఇచ్చారు. షెడ్డు ఓనరు కాస్త సణిగి, రశీదులు మళ్లీ రాసిచ్చాడు. అసలు ఖర్చు సానరాళ్లది. ఆ కొట్టు ఎత్తేశారు. కొట్టువాడు ఏ ఊరు వెళ్లాడో ఎవరికీ తెలియదు. చేసేది లేక దిళ్లు విప్పారు.

పగటి వెలుతురులో, ఫ్యాను ఆపేసి, గదినిండా పీలికలు పరిచారు. తలుపు తీస్తే ఎగిరిపోతాయని నన్ను కిటికీలోంచి పిలిచారు. తెల్లటి పీలికల మధ్య ఆ ఇద్దరూ కదలకుండా కూర్చుని ఉన్నారు. ఆ గదిలో ఏదో శవం ఉన్నట్టూ, గట్టిగా మాట్లాడకూడదన్నట్టూ అనిపించింది నాకు.

మొదటి పూటకే ఆమెకు అర్థమైంది. సానపట్టక ముందు మొద్దు కత్తెరతో కోసిన ముక్కల అంచులు రంపం పళ్లలా ఉన్నాయి. వాటికి జత దొరికితే పన్ను పన్నుకూ కూర్చుంటుంది, అనుమానం ఉండదు. సానపట్టాక కోసిన ముక్కల అంచులు నూలు పట్టినట్టు నున్నగా, తిన్నగా ఉన్నాయి. కొట్టువాడు నెలనెలా అవే రాళ్లు, అదే వరసలో, అదే చేతిరాతతో రాసేవాడు. పైన తేదీ, కింద మొత్తం మాత్రమే మారేవి. ఒక నెల తల తెచ్చి ఇంకో నెల మొండేనికి పెట్టినా అతుకు తెలియదు.

"నా పని ఎంత బాగా చేశానో అంత బాగా మునిగానన్నమాట" అంది కత్తెరక్క.

"తెలియనప్పుడు అతికించెయ్యవే! ఆ కాగితాలు మనవే, ఆ ఖర్చూ మనదే. అబద్ధమేముంది?" అంది అత్తగారు.

"తేదీ ఒకదానిదీ డబ్బు ఇంకోదానిదీ అయితే అబద్ధం కాదా అత్తయ్యా?"

"నీ మామ చక్రం పోతే మాత్రం నిజం మిగుల్తుందా?"

కోడలు పీలికల మీదికి వంగింది. రంపం అంచులవే అతికించింది. కట్ట పల్చగా తయారైంది.

గడువు రోజు ఆఫీసులో ఆ కట్ట సంచిలోంచి తీస్తూ ఆమె ఆగిపోయింది. కట్ట పల్చగా లేదు. రాత్రికి రాత్రే లావెక్కింది. నా వైపు చూసింది. నాకేం తెలుసు! ఇంట్లో జిగురు సీసా ఎవరి మంచం కింద ఉంటుందో మాత్రం తెలుసు.

ఆఫీసరు చెయ్యి చాపాడు. "ముందే చెప్తున్నానమ్మా. అతికించినవి కాబట్టి ఒక్కొక్కటీ చూస్తాను. ఒక్కటి తప్పని తేలినా మొత్తం కట్ట పక్కన పెట్టాలి. ఆ తర్వాత ఇది బిల్లుల గొడవలా ఉండదు."

"ఒక్క నిమిషం బాబూ."

కళ్లు మూసుకుని ఒక్కో బిల్లు అతుకు మీదా బొటనవేలు నడిపింది. కత్తెర అంచు మీద ఎలా నడుపుతుందో అలాగే. నున్నగా తగిలినదాన్నల్లా తీసి తన ఒళ్లో పెట్టుకుంది. ఒళ్లోది పెరిగింది, బల్ల మీదిది తరిగింది. ఆపమని చెప్పాలనిపించింది నాకు. 

"ఇవి నావే" అంది బల్ల మీదివి అతని వైపు జరిపి.

"అవి?"

"అవి కూడా నావే. కానీ ఏది దేనిదో నేను చెప్పలేను."

అతను ఒళ్లోవి అడగలేదు. ముందున్నవాటిని కిటికీ వెలుతురుకెత్తి, ఒక్కొక్కటీ చూసి, ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవి సరిపోలేదు. ఇకనుంచి ఏటా రెండు సంపాదనలూ ఒకే చోట చూపించాలనీ, సొంత పని డబ్బు చేతికొచ్చినప్పుడల్లా పన్ను వాటా విడిగా తీసి పెట్టుకోవాలనీ చెప్పాడు. ఆమె బుద్ధిగా తలూపింది. చేతులు కాలాక పట్టుకున్నా ఆకులు ఆకులే మరి.

ఇంటికొచ్చాక ఒళ్లోకి తీసుకున్న బిల్లుల్ని అత్తగారి ముందు పెట్టింది. "నేనే అతికించానే" అని ముసలావిడే చెప్పుకుంది. "తెలుసులెండి" అంది కోడలు. "మీరు జిగురు ఎక్కువ రాస్తారు."

పాత ఇనుము వ్యాపారిని ఎవరూ పిలవలేదు. అయినా మర్నాడు బండితో సహా వచ్చాడు. మనుషులు చట్రం చుట్టూ తాడు వేస్తుంటే కత్తెరక్క అడ్డంగా నిలబడింది.

"బిల్లు రాయి అన్నయ్యా."

"పాత ఇనుముకి బిల్లేంటమ్మా! డబ్బు చేతిలో పెడుతున్నాగా?"

"రాస్తేనే చక్రం గుమ్మం దాటుద్ది."

సణుగుతూ రాసిచ్చాడు. బండి వెళ్లిపోయాక షెడ్డు మధ్యలో తడి మరక ఒక్కటే మిగిలింది. ఆమె చిన్న మోటారు రాయి తెచ్చి బల్లకు బిగించి, ఆసుపత్రి సంచిలోంచి ఒక కత్తెర తీసి పట్టింది. ఆ చప్పుడు నాకు కొత్త. తుమ్మెదలా లేదు, పంటి వైద్యుడి గదిలోంచి వచ్చినట్టుంది.

పని అయ్యాక అలవాటు కొద్దీ పల్చటి కాగితం కోసం చెయ్యి చాపింది. బల్ల మీద ఉన్న కాగితం ఒక్కటే, చక్రం అమ్మిన బిల్లు. వేళ్లు దాన్ని అందుకున్నాయి, కత్తెర నోరు తెరిచింది.

"అమ్మాయ్!" అని అత్తగారు ఒక్క కేక పెట్టి, రెండు చేతులతో ఆ బిల్లును బల్లకు అదిమిపట్టింది.

కత్తెర ముసలి వేళ్లకు గింజంత ఎడంలో ఆగింది.