ఒళ్లో పెట్టుకోలేని సంచి

లివర్ ఆపరేషన్ అయ్యాక లోపల పైత్యరసం కారడం మొదలైంది. దాన్ని బయటికి తెచ్చే గొట్టం, చివర ప్లాస్టిక్ సంచి. ఆగకపోతే మళ్లీ కోస్తామన్నారు. నాకు ఆ భయంకన్నా, ఎవరైనా చూస్తారన్న సిగ్గే ఎక్కువ. చీరల కొట్టు సంచిలో దాచుకుని, కిక్కిరిసిన కూచిపూడి బస్సులో నిలబడ్డాను.

"ఆ సంచి ఇటివ్వు బాబూ, ఒళ్లో పెట్టుకుంటా," అని సీట్లో ఉన్న పెద్దావిడ లాగింది.

"రాదండీ. నాకే కుట్టేశారు."

ఆవిడ లోపలికి చూసింది, సంగతి అడిగింది, జరిగి నన్ను కూర్చోబెట్టింది. సంచి మాత్రం వదల్లేదు. గాయంకన్నా కిందుండాలన్నానని ఉయ్యూరు దాకా వంగి పట్టుకుంది. దిగుతూ పక్కాయనకి అందించింది.

"కాస్త పట్టుకోండి అన్నయ్యగారూ. జాగ్రత్త, దీనికో అబ్బాయి తగిలించి ఉన్నాడు."

కూచిపూడి చేరేలోపు ముగ్గురు మోశారు. దాచుకుందామన్నా, చూడనివాళ్లు బస్సులో ఇక ఎవరూ మిగల్లేదు.