సరళ వాళ్ల తాతకు నేను వేసిన దండ

బతికున్న మనిషిని పదిమందిలో చంపేసి, ఆ పూటే ఆయన మనవరాలిని పెళ్లి చేసుకోవాలనుకున్న ఘనుడు మలేషియాలో మా బాగన్ దాతుక్ ఊరి చుట్టుపక్కల నేనొక్కడినే. కత్తి కూడా పట్టలేదండీ. ఒక్క గంధపు దండతో కానిచ్చేశాను.

మా కొబ్బరి తోటలోకి తెలుగువాళ్లు ఎలా వచ్చారో, ఎలా బతికారో ఈ కాలం పిల్లలకు తెలియడం లేదని, శ్రీరామనవమికి రామాలయం హాల్లో పాత ఫొటోల ప్రదర్శన పెడతానని నేనే ముందుకు దూకాను. చరిత్ర మీద ప్రేమ ఉంది, కాదనను. అంతకన్నా పెద్ద ప్రేమ పక్కనున్న తెలుక్ ఇంటాన్ ఊళ్లో ఉంది. పేరు సరళ. వాళ్ల నాన్న నన్ను చూడటానికి ఆ పండక్కే వస్తున్నాడు. ఆయన మనసేమో క్లాంగ్ పట్నంలో ఉన్న ఓ ఇంజనీరు మీద ఉంది. నేనా, సెల్‌ఫోన్లు బాగుచేసేవాణ్ణి.

సరళ ఒక ఫొటో తెచ్చిచ్చింది. పంచె ఎగ్గట్టి, కొబ్బరికాయల గుట్ట పక్కన నిలబడ్డ కుర్రాడు.

"మా తాత. మీ తోటలోనే పని సేసినాడు. మంచి చోట పెట్టు, నాన్న సూస్తాడు," అంది.

మిగతా ఫొటోల్లోని పెద్దలందరూ ఎప్పుడో వెళ్లిపోయినవాళ్లే. నలుపు తెలుపుల్లో ఉన్నవాడు ఇంకా బతికుంటాడని నా బుర్రకు తట్టలేదు. అందరికీ పూలదండలు వేసి, కాబోయే మామగారి నాన్నకు మాత్రం ప్రత్యేకంగా గంధపు దండ వేశాను. నుదుట బొట్టు, ముందు దీపం, ఊదొత్తులు. పైన "మన తోట కీర్తిశేషులు" అని బోర్డు. నా పనితనానికి నాకే కళ్లు చెమర్చాయి.

పండగ రోజు కారు ఆగింది. ముందు సరళ నాన్న దిగాడు. వెనక సరళ చెయ్యి పట్టుకుని, కర్ర పోటేసుకుంటూ ఓ ముసలాయన దిగాడు.

"ఎవరీ పెద్దాయన?" అని సరళను మెల్లగా అడిగాను.

"మా తాత లా," అంది, ఇక్కడ మేమంతా మాట చివర తగిలించే మలయ్ 'లా'తో.

దండ తీసేద్దామని హాల్లోకి పరిగెత్తాను. అప్పటికే సరళ నాన్న ఆ ఫొటో ముందు నిలబడి ఉన్నాడు.

"బతికున్న మా నాయనకి దండేసినావేటి? సరళా, కారెక్కు."

"మావయ్యగారూ, ఇప్పుడే తీసేస్తాను..."

"ఎవుడికిరా మావయ్య?"

దండ మీద చెయ్యి వేశానో లేదో, చేతికర్ర అడ్డొచ్చింది.

"ఉంచు," అన్నాడు తాత. బొట్టునీ దీపాన్నీ తీరిగ్గా చూసుకున్నాడు. "బాగుంది." తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "ఒరే, పిల్ల మనసుపడ్డోడికే ఇచ్చెయ్యమని ఎన్నాళ్లనుంచో మొత్తుకుంటన్నాను. ఇన్నావేటి?"

"నాయనా, కార్లో మాటాడదాం."

"కారేటి? నాను పోయినాను గదా, బోర్డు సూడు. బతికుండగా నా మాట ఒక్కటీ ఇన్లేదు. ఇప్పుడు సెప్తన్నాను, పిల్లని ఈడికే ఇచ్చెయ్. పోయినోళ్ల మాట కాదంటే ఇంటికి మంచిది కాదు లా."

హాలంతా గొల్లున నవ్వింది. చివరికి మామగారి మీసం కూడా కదిలింది. నా సంతోషం చెప్పలేను.

ఆ రాములవారి ఎదుటే ఒట్టేసుకున్నాను. ఇకమీదట ఎంత పాత ఫొటో అయినా సరే, ముందు ఆ మనిషికి ఫోన్ చేస్తాను. ఎత్తితే దండ లేదు.