పానకం గ్లాసు తోసేసిన శుక్రవారం

మా ఆయన ప్రకాశానికి పక్షవాతం వచ్చిన ఏడాది మా ఇంట్లో దగ్గు తప్ప మరో శబ్దం వినబడేది కాదు, సహోదరులారా. నిలబడి చెబితే నా గొంతు వెనక వరుస దాకా రాదని మీకు తెలుసు, అందుకే సంఘ పత్రికకు రాసి ఇస్తున్నాను.

ఆయన కుర్రతనంలో కె. కోటపాడు దగ్గర బెల్లం గానుగలో పాకం తిప్పినవాడు, తరువాత అనకాపల్లి మార్కెట్‌లో ఓ బెల్లం కొట్లో పనికి కుదిరినవాడు. ఒక ఉదయం కొట్లోనే పడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి, మాట పోయింది, ‘ఊఁ’, ‘ఊఁహూఁ’ మాత్రం మిగిలాయి. ఆసుపత్రివారు కొన్నాళ్లుంచుకుని, ఇక ఇంట్లో చూసుకోండి అన్నారు. ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు, అడగాలని మాకూ తోచలేదు.

శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక మన స్త్రీల సమాజం రోగుల ఇళ్లకు వెళ్లడం మీరెరిగినదే. ఎవరూ ఉత్త చేతులతో రారు, రోగి నోట్లో తమ చేత్తో ఏదో ఒకటి పెట్టకుండా వెళ్లరు. మన ఊళ్లో ఆ చేతిలో ఉండేది బెల్లం పానకమే కదా! ఆయన వెల్లకిలా పడుకుని ఉంటే ఒకరి తరువాత ఒకరు ప్రేమగా తాగించేవారు, సాయంత్రానికి దగ్గు, ఆదివారానికి జ్వరం. 108 బండి అప్పటికింకా మా వైపు రాలేదు, ఆటోలో పట్టుకుని పరుగెత్తేదాన్ని. మళ్లీ అలా వెళ్లినప్పుడు ఒక డాక్టరు గారు ఛాతీ విని, “పడుకోబెట్టి తాగిస్తున్నారా?” అని అడిగారు. పక్షవాతం గొంతుకు కూడా వస్తుందని, పల్చటివి జారి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని, కూర్చోబెట్టి చిక్కగా, కొంచెం కొంచెంగా పెట్టాలని, తిన్నాక కాసేపు కూర్చోబెట్టే ఉంచాలని వివరంగా చెప్పారు. “ఇంకోసారి ఇలా తెస్తే నేను మాట ఇవ్వలేను” అన్నారు.

కారణం తెలిసినందుకు సంతోషం, ఎల్లుండి శుక్రవారం అయినందుకు భయం! స్త్రీల సమాజానికి పెద్ద అయిన కరుణమ్మ పిన్ని మా అమ్మ పోయినప్పుడు నాకు అన్నం కలిపి తినిపించిన మనిషి. ఆమె చేతిలో గ్లాసు చూసి వద్దనడం నా వల్ల అవుతుందా? పుస్తకాలు చాలా చదివాను గాని పదిమంది ముందు నోరు విప్పడం నాకు ఎన్నడూ చేతకాలేదు. పొయ్యి పక్కనే మోకరించి, “ప్రభువా, ఆయన గొంతు బాగుచేయి, లేదా నాకు గొంతు ఇయ్యి. రెండింటిలో ఏదైనా సరే, శుక్రవారం లోపల” అని ప్రార్థించాను.

శుక్రవారం వచ్చింది, సమాజమూ వచ్చింది. పాట అయింది, ప్రార్థన అయింది, పిన్ని గ్లాసు పట్టుకుని మంచం మీదికి వంగింది. నా నోరు పెగల్లేదు. అంతలో ఆయనే పెదాలు బిగించి ఎడమ చేత్తో గ్లాసు తోసేశారు. పానకమంతా పిన్ని తెల్లచీర మీద!

“ఓలమ్మో, సూసేరా! దేవుడు ఈడి సెయ్యి లేపేడు!” అని పిన్ని కేక పెట్టింది. గదంతా హల్లెలూయ!

అప్పుడు వచ్చింది సహోదరులారా, నా గొంతు. “పిన్నీ, ఆ చెయ్యి ముందునుంచీ బాగానే ఉంది. బాగా లేనిది గొంతు. ఈ పానకం ఊపిరితిత్తుల్లోకి పోతోంది” అన్నాను. డాక్టరు గారి మాటలన్నీ ఆగకుండా చెప్పేశాను.

పిన్ని చీర పిండుకుంటూ, “మరైతే ఆడికేటీ ఎట్టకుండా ఎలిపోమంటావేటే? రేపు పెబువు అడిగితే నానేటి సెప్పాలి?” అంది.

“పెట్టండి పిన్నీ. కూర్చోబెట్టి, చిక్కగా పెడదాం.”

“ఎంత సిక్కగా?”

అది నాకూ సరిగా తెలియదు. రాగి జావ, అదే మన చోడి జావ, కాచి తెచ్చి, ఆయన్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, ఆయన కళ్ల ముందే గరిటె వంచాను. జావ తీగలా కారింది. “ఊఁహూఁ” అన్నారు. ఇంకాస్త పిండి కలిపి కాచాను. “ఊఁహూఁ.” మరోసారి వంచితే ముద్దలా జారింది. “ఊఁ” అన్నారు.

“పాకం సూసినోడు కదేటి! మంచాన పడ్డా మేస్త్రీయే!” అని పిన్ని నవ్వింది, ఆయన సగం నోటితో నవ్వారు. చిన్న చెంచాతో కొంచెం కొంచెంగా పెడుతుంటే అందరూ పరీక్ష ఫలితాలకు నిలబడినట్టు నిలబడి చూశారు. గిన్నె అయిపోయింది, దగ్గు రాలేదు! దేవునికే మహిమ అని నేనే మొదట అరిచాను!

ఆ రోజు నుంచి పిన్ని మా గుమ్మానికి కాపలా అయింది. వచ్చినవాళ్లు ఏదో ఒకటి చేసి వెళ్లాలి గాని అది పానకం కాదు. ఒకరు ఆయన్ని పక్కకు తిప్పాలి, ఒకరు తడిసిన దుప్పటి మార్చాలి, ఒకరు నోరు శుభ్రం చేయాలి. “సేతులు సబ్బెట్టి కడిగేవా? ముందు కడిగొచ్చి ఆమెన్ అను” అనేది. పాస్టరు గారిని కూడా పంపించింది, ఆయన నవ్వుతూ వెళ్లి కడుక్కొచ్చారు.

మా ఆయన లేచి నడవాలని నేను అడిగాను. ప్రభువు అది ఇవ్వలేదు. మళ్లీ ఆ దగ్గు లేకుండా ఇంకా కొన్నేళ్లు ఇచ్చాడు, ఆ ఏళ్లలో మా ఇంట్లో నవ్వు ఉంది. ఈ మధ్య ఒక మధ్యాహ్నం నిద్రలో వెళ్లిపోయారు. ఆయన్ని కడిగేటప్పుడు పిన్ని వీపంతా తడిమి చూసి, “ఒక్క పుండు లేదే అమ్మాయ్. సుబ్బరంగా అప్పజెప్పేం” అంది. ఇల్లు బోసిగా ఉంది, అది దాచను. అయినా ఆ మాట తలచుకున్నప్పుడల్లా దేవునికి స్తోత్రం చెప్పకుండా ఉండలేను.

ప్రియులారా, నోరు పెగలనివారికి నోరిచ్చే దేవుణ్ని నమ్మండి, అడగండి. మీ ఇంట్లో మంచాన ఉన్నవారుంటే మాకు కబురు పెట్టండి. పిన్నీ నేనూ వస్తాం. పానకం తేము. ముందు సబ్బు ఎక్కడుందో అడుగుతాం, తరువాత మోకరిస్తాం.