ఈరమ్మత్త గడప ముందు ఆగిన తప్పెట

మా చిన్నప్పుడు... ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధిలోకి దండోరా వస్తే, ముందు మగ్గాలు ఆగిపోయేవి. మగ్గం గుంతల్లోంచి లేచిన మగవాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు, మా పిల్లమూక... అందరం గడపల్లోకి వచ్చి నిలబడేవాళ్లం.

పక్కింటి ఈరమ్మత్త కూడా వచ్చి నిలబడేది. ఆమెకు పుట్టుకతోనే చెవులు వినపడవు, మాటలు రావు. మొగుడు పోయాక ఏడాది బిడ్డను పెట్టుకుని, ఒక్కతే మగ్గం నేసుకుని బతికేది. ఆమె నేసిన అంచు చూసి మా నాన్నకు లోపల్లోపల కుళ్లు... పైకి ఒప్పుకునేవాడు కాదనుకోండి!

ఆ ఏడు ఎండాకాలంలో వాంతులు, భేదులు పట్టుకున్నాయి. ఊళ్లో దండోరా వేసే దస్తగిరి తాత తప్పెట కొట్టి చాటాడు.

"వీధి చివర బాయి నీళ్లు ఎవురూ తాగద్దండప్పో! కొళాయి నీళ్లు కాగబెట్టుకోని తాగండప్పో!"

అందరం తలలూపాం. మమ్మల్ని చూసి ఈరమ్మత్తా ఊపింది. ఆ ఊపడమే కొంప ముంచింది.

మూడో రోజు పొద్దున ఆమె మగ్గం చప్పుడు వినపడలేదు. అమ్మ వెళ్లి చూస్తే... కళ్లు లోపలికి పోయి నేలమీద పడి ఉంది. పక్కన బిడ్డ ఏడుస్తోంది. కడవ నిండా ఆ బావి నీళ్లే! నాన్నావాళ్లు మంచం మీద మోసుకుని ఆస్పత్రికి పరుగెత్తారు. బతుకుతుందో లేదో తెలియని ఆ రెండు రోజులూ బిడ్డ అమ్మ ఒళ్లోనే ఉంది. సెలైన్లు ఎక్కించాక, మూడో రోజుకు ఈరమ్మత్త కళ్లు తెరిచింది.

దస్తగిరి తాత మా అరుగు మీద కూలబడ్డాడు.

"తలకాయ ఊపె గదమ్మా... తెలిసిందిలే అనుకుంటి. ఇన్నేండ్లూ ఆయమ్మ ముందర ఉత్తగా కొట్టినానా నేను?"

"నీ ఒక్కనిదేనా తప్పు మామా? గోడ పక్కనే ఉండి, మేం మాత్రం సెప్పినామా?" అంది అమ్మ.

వారం తిరక్కుండా ఇంకో చాటింపు... బడి దగ్గర సూదులు వేస్తున్నారని. ఈసారి తాత ఈరమ్మత్త గడప ముందు ఆగాడు. ఆమె అరచేతిని తప్పెట మీద ఆనించి ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ అదురుకు ఆమె కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత తప్పెట కింద పెట్టి, బడివైపు చూపించి, తన జబ్బకు తనే సూది పొడుచుకున్నట్టు "అబ్బా!" అని ఎగిరాడు. బిడ్డను చూపించి మళ్లీ ఎగిరాడు. మేం పడీపడీ నవ్వాం. ఆయన మమ్మల్ని లెక్కే చేయలేదు.

ఈరమ్మత్త తలూపబోతే చెయ్యి అడ్డం పెట్టి, 'ఏం చెప్పానో నువ్వు చేసి చూపించు' అని సైగ చేశాడు! ఆమె బడివైపు చూపి, బిడ్డ జబ్బ మీద వేలితో పొడిచి చూపించాక గానీ ఆ పెద్దమనిషి తప్పెట ఎత్తలేదు.

అప్పటి నుంచి ఏ చాటింపైనా ఆ గడప ముందు ఇదే తంతు... ఎండైనా, మోకాళ్ల నొప్పులైనా. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. తలచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

మొన్న కరోనాలో మా కాలనీలో మైకు బండి రోజూ తిరిగింది, ఎక్కడా ఆగకుండా. మా పై అంతస్తులో చెవులు వినపడని పెద్దాయన ఒంటరిగా ఉంటాడు. బండి ఏం చెప్పిందో ఆయనకు ఎవరైనా చెప్పారా అని నాకు తట్టడానికి పదిరోజులు పట్టింది... దస్తగిరి తాతను కళ్లారా చూసిన నాకు!

మీ వీధిలో అలా ఆగి చెప్పినవాళ్లెవరైనా ఉంటే, వాళ్ల పేరొకసారి ఇక్కడ రాయండి... చదువుకుని నేనూ కాస్త బుద్ధి తెచ్చుకుంటాను.