విరామం కొలత

బరాత్ సాయంత్రం ఏడు గంటల పది నిమిషాలకు కదిలింది. బాన్సువాడ బస్టాండు వెనక వీధి నుంచి ఫంక్షన్ హాలు వరకు దూరం ఎనిమిది వందల యాభై మీటర్లు. ఆ దూరానికి మాకు రెండు గంటల ఐదు నిమిషాలు పట్టింది; అంటే నిమిషానికి ఏడు మీటర్ల కంటే కొంచెం తక్కువ. ముందు ఆడేవాళ్ళు, వాళ్ళ వెనక మా బండి, బండి వెనక పెళ్ళికొడుకు కారు. బండి మీద జనరేటరు, నాలుగు స్పీకర్లు, నా కీబోర్డు, ఎనిమిది ఎలక్ట్రానిక్ ప్యాడ్లు. ఆ ప్యాడ్ల ముందు ఆరేళ్ళుగా నిలబడిన మనిషి ఆ సాయంత్రం లేడు. అతనికి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది, ట్రైనింగుకు వెళ్ళిపోయాడు. అతని స్థానంలో కొత్తవాడు మొదటిసారి కర్రలు పట్టుకున్నాడు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. పగలు సబ్‌స్టేషన్‌లో మీటర్లు చూస్తాను, పెళ్ళిళ్ళ కాలంలో సాయంత్రాలు ఈ ప్యాడ్ బ్యాండులో కీబోర్డు వాయిస్తాను. బ్యాండు యజమానే మా పాటగాడు. పోస్టర్ల మీద ఉండేది ఆయన ఫొటో ఒక్కటే. అయితే కోటగిరి వైపు ఊళ్ళ నుంచి బైకుల మీద వచ్చే కుర్రాళ్ళు ఆ పోస్టరు చూసి రాలేదని ఆయనకూ తెలుసు. వాళ్ళు వచ్చేది ప్యాడ్ వాయించేవాడి కోసం. అతన్ని మామ అని పిలిచేవారు. తమ ఊళ్ళో పెళ్ళి కుదిరితే ముహూర్తం కంటే ముందు మా ఖాళీ తేదీలు అడిగేవారు. పిలుపు లేని పెళ్ళికి కూడా వచ్చి, బండి ముందు రెండు గంటలు ఆడి, భోజనానికి ఆగకుండా వెళ్ళేవారు.

వాళ్ళ ఆటలో ఒక పద్ధతి ఉండేది. దరువు పూర్తి వేగంలో ఉండగా ప్యాడ్ వాయించేవాడు ఒక్కసారిగా ఆపేవాడు. నేనూ, పాటగాడూ ఆగేవాళ్ళం. ఆ నిశ్శబ్దంలో కుర్రాళ్ళు కొనకు ముడి వేసిన దస్తీలను, అంటే చేతిరుమాళ్ళను, పైకి విసిరేవారు. దస్తీ తిరిగి చేతిలో పడే క్షణానికి దెబ్బ పడాలి. కింద పడితే ఆ కుర్రాడికి వీధి చివరి దాకా ఎగతాళి తప్పదు. వాళ్ళు దాన్ని గ్యాప్ అనేవారు. బండి మీది నుంచి చూస్తే ముప్పై చేతులు ఒకేసారి మూసుకోవడం, అదే క్షణంలో దెబ్బ వినబడడం, రెంటి మధ్య తేడా కనిపించేది కాదు.

కొత్తవాడికి ఇరవై నాలుగేళ్ళు. జుక్కల్ వైపు ఊరు, క్రైస్తవ కుటుంబం. పదమూడో ఏట నుంచి ఆదివారాలు చర్చిలో ప్యాడ్ వాయిస్తున్నాడు. సెల్‌ఫోన్ల దుకాణంలో పని మానుకుని మా దగ్గరికి వచ్చాడు. యజమాని అతనితో నా ఎదుటే మాట్లాడాడు.

"మూఢం పడేదాక సూద్దం తమ్మీ. జనం ఒప్పుకుంటే ఉంటవు. లేకుంటే ఫికర్ లేదు, నీ దుకాణం నీకు ఉండనే ఉండె."

ఆయన అటు వెళ్ళాక కొత్తవాడు నాతో మెల్లగా అన్నాడు: "దుకాణంల వేరేటోన్ని పెట్టుకున్నరన్నా. గా ముచ్చట ఆయనకు చెప్పకు."

పెళ్ళిళ్ళు ఆగిపోయే మూఢానికి ముందు బాన్సువాడలో మాకు మూడు బరాతులు ఉన్నాయి. ఆ సాయంత్రానిది మొదటిది. కోటగిరి కుర్రాళ్ళకు నాయకుడిలాంటి ట్రాక్టరు డ్రైవరు ఒకడు బండి పక్కన నడుస్తూ నన్ను పలకరించాడు.

"మామ ఏడన్నా?"

"ట్రైనింగుకు పోయిండు. తెల్వదా? నౌకరి వచ్చిందని నడిరోడ్డు మీద కేకు కోపిచ్చింది నువ్వే గదా."

"కోపిచ్చిన. గని గిట్ల నిజంగనే పోతడనుకున్ననా?"

ఆ సాయంత్రం కొత్తవాడు గ్యాప్ ఇచ్చాడు, కానీ చాలా పొట్టిగా. దస్తీలు గాలిలో ఉండగానే దెబ్బ పడింది. నాలుగుసార్లు అలాగే జరిగాక కుర్రాళ్ళు విసరడం మానేశారు.

మరునాడు నేను ఫోనులో ఉన్న పాత బరాతుల వీడియోలు తెరిచి విరామాలను కొలిచాను. నలభై ఒకటి దొరికాయి. అన్నిటికంటే పొట్టిది ఒకటింబావు సెకన్లు, పొడవైనది రెండున్నర పైన. సగటు ఒకటి పాయింట్ ఏడు. ఆ సగటును కొత్తవాడికి ఇచ్చాను. అతను శ్రద్ధగా సాధన చేసి, రెండో బరాతులో ప్రతి విరామాన్నీ అంతే పొడవుతో వాయించాడు. అతని కొలతలో తప్పు లేదు. కొన్ని దస్తీలు ముందే చేతుల్లోకి దిగి ఎదురుచూశాయి, కొన్ని దెబ్బ తర్వాత దిగాయి, రెండు మురికికాలువలో పడ్డాయి.

"ఏందన్నా," అన్నాడు ట్రాక్టరు డ్రైవరు, "మీ కొత్తాయన గడియారం మింగిండా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కొత్తవాడు తలెత్తలేదు. అతను వాయించేటప్పుడు ఎప్పుడూ తలెత్తడు. కళ్ళు సగం మూసుకుని ఉంటాడు.

ట్రైనింగులో ఆదివారం మాత్రమే ఫోను ఇస్తారు. ఆ ఆదివారం పాత మిత్రుడితో మాట్లాడాను. ఎంతసేపు ఆపేవాడివని అడిగాను.

"నాకేం ఎరుకన్నా? నేను లెక్క వెట్టలె. ఆళ్ళ మొఖాలు జూస్తుంటి. ఇగ కొట్టు అన్నట్టు జూస్తుండ్రి, కొడుతుంటి."

"దస్తీని జూడకపోతుంటివా?"

"గుడ్డపేలిక, దాంట్ల ఏమున్నదన్నా జూసెతందుకు? నా సంగతి ఇను. ఈడ పరేడుల నాకు కాలు తప్పుతున్నదంట. బీటు రాదా అని తిడుతుండ్రు. నవ్వకు."

నేను నవ్వాను. తర్వాత నా నలభై ఒక్క కొలతలను మళ్ళీ చూశాను. వాటి మధ్య అంత వ్యత్యాసం ఎందుకుందో ఇప్పుడు అర్థమైంది. విరామాన్ని ముగించే సంకేతం బండి మీది నుంచి కాదు, కింది నుంచి వచ్చేది. నేను బండి వైపును మాత్రమే కొలిచాను. ఈ మాట కొత్తవాడికి చెప్పాను. తలెత్తి వాళ్ళ ముఖాలు చూడమన్నాను. అతను "ఆళ్ళు నా దిక్కు జూడాలె గదన్నా," అన్నాడు.

మూడో బరాతులో పెళ్ళికూతురిది మహారాష్ట్ర సరిహద్దున ఉన్న జుక్కల్ వైపు, పెళ్ళికొడుకుది కోటగిరి దగ్గరి ఊరు. యజమాని బండి ఎక్కుతూ ఒక్క మాటే అన్నాడు: "ఇయ్యాల తేలాలె." కొత్తవాడు తలెత్తే వాయించాడు. మార్కెట్టు మలుపు దగ్గర మొదటి గ్యాప్ ఇచ్చి కుర్రాళ్ళ వైపు చూశాడు. వాళ్ళూ అతని వైపు చూశారు. చేతుల్లో దస్తీలున్నాయి. ఎవరూ విసరలేదు. ముందే అనుకుని వచ్చారని తెలిసిపోయింది. రెండు సెకన్లు గడిచాయి. మూడు. జనరేటరు మోత తప్ప ఏమీ లేదు. యజమాని నా వైపు తిరిగాడు. ఏదో ఒకటి వాయించమని అర్థం. నేను చేతులు కదపలేదు. ఆ దెబ్బ కొత్తవాడిది.

ఐదో సెకను దాటాక కారు వెనక నడుస్తున్న పెళ్ళికూతురి వైపు ఆడవాళ్ళలోంచి ఒక ముసలవ్వ గొంతు మరాఠీలో వినిపించింది. "వాజవ్ రే! వాజవ్!" వాయించరా అని. అంటూనే ఆమె చప్పట్లు మొదలుపెట్టింది. పక్కనున్న ఇద్దరు అందుకున్నారు, ఆ తర్వాత అందరూ. వీటిలో విసరడం, పట్టుకోవడం లేవు. ఒకే నడకతో, ఎవరి కోసమూ ఆగని చప్పట్లు. కొత్తవాడు చిన్నప్పటి నుంచి ఆదివారం చర్చిలో వింటున్నవి అవే. చప్పట్ల నాలుగో దెబ్బకు అతని కర్ర పడింది. తర్వాతి పావుగంట అతను ఎక్కడా ఆపలేదు. ఆడవాళ్ళు కారు వెనక నుంచి కారు ముందుకు వచ్చారు. ఆడే స్థలం బండి ముందు నుంచి బండి వెనక్కి మారిపోయింది.

కుర్రాళ్ళు రోడ్డు అంచుకు జరిగి కొంతసేపు చూశారు. హాలు ఇంకా మూడు వందల మీటర్లు ఉండగా బైకులు స్టార్టు చేశారు. ట్రాక్టరు డ్రైవరు నా దగ్గరికి వచ్చి చెప్పి వెళ్ళాడు.

"తప్పు ఆయనది కాదన్నా. మామ లేకుంటే మాకే సైస్తలేదు. జర ఏమనుకోకు."

హాలు దగ్గర వైర్లు చుడుతుండగా యజమాని కొత్తవాడిని పిలిచాడు. "మూఢం పోయినంక జుక్కల్ల రెండు పెండ్లిళ్ళున్నయంట. గా అవ్వ అడిగింది. రేటు జర తక్వ ఇస్తరట. వస్తవా?"

"వస్త," అన్నాడు కొత్తవాడు. తర్వాత నాతో ప్యాడ్ల స్టాండు రెండో కాలు పట్టుకోమన్నాడు.

ఆ పెళ్ళిళ్ళ కాలానికి మా నష్టాలు ఇవి. కోటగిరి వైపు రద్దయిన బరాతులు మూడు. అడ్వాన్సుగా తీసుకుని తిరిగి ఇచ్చిన బయానా పదిహేను వేలు. జుక్కల్ పెళ్ళిళ్ళకు తగ్గించిన కిరాయి, రెంటికీ కలిపి పది వేలు. ఆ దూరానికి అదనపు డీజిల్ రెండు వేల నాలుగు వందలు. బండి వెంట వచ్చే బైకులు పంతొమ్మిది ఉండేవి, ఒక్కటీ మిగల్లేదు. మా వాయింపులోంచి గ్యాప్ తీసేశాం.