జాగ్రత్తరావు గారి మూడు కాపీలు

జాగ్రత్తరావు గారికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది జీతం స్లిప్పు మీద తప్ప మరెక్కడా బతికి లేదు. రంగుల ఫ్యాక్టరీలో ఆయన భద్రతాధికారి. నిప్పంటుకుంటే ఎవరు ఏ తలుపులోంచి పరిగెత్తాలో నిర్ణయించే మహత్తర బాధ్యత ఆయనది. ఆయన హయాంలో ఫ్యాక్టరీకి ఒక్కసారీ నిప్పంటుకోలేదు. ఆయన ప్రతిభను కళ్ళారా చూసే అవకాశం లేక, పనివాళ్ళు ఈ పేరు పెట్టి సరిపెట్టుకున్నారు. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసే మనిషి. ఆయన్ని చూస్తే తాళం కూడా విసుక్కుంటుందని ఆయన భార్య అనేది.

ఇప్పుడు అనదు. గొంతులో గడ్డ పుడితే డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేశారు.

ఆపరేషన్‌కు ముందు స్పీచ్ థెరపిస్టు ఒక దారి చెప్పింది. ఆయన భార్య చేత వందలకొద్దీ వాక్యాలు చదివించి రికార్డు చేసి పెట్టుకుంటే, తరువాత ఆవిడ ఏది టైపు చేసినా యంత్రం ఆవిడ గొంతుతోనే పలుకుతుంది. దంపతులు పడగ్గది కిటికీలు బిగించి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ రోజుల తరబడి ఆ పని చేశారు. ఆవిడ చదివేది, ఆయన లాప్‌టాప్‌లో దాచేవారు.

దాచడంలో ఆయన ఏ లోపమూ చేయలేదు. 'గొంతు' అని ఒక ఫోల్డరు. దానికి నకలు 'గొంతు భద్రం'. ఎందుకైనా మంచిదని దానికీ నకలు 'గొంతు అతి భద్రం'. మూడూ ఆ లాప్‌టాప్‌లోనే, ఒకే హార్డ్ డిస్క్ మీద.

ఆవిడ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి కాస్త కోలుకుంది. థెరపిస్టుకు రికార్డింగులు అప్పజెప్పాల్సిన రోజు పొద్దున ఆయన లాప్‌టాప్ తెరిచారు. డిస్క్ ఏదీ కనబడలేదని నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఆపి మళ్ళీ ఆన్ చేశారు. అదే మాట. బ్యాటరీ ఊడదీసి, తుడిచి పెట్టారు. అదే మాట. ఒక యంత్రం ఇంత నిలకడగా జవాబు చెప్పడం ఆయన అంతకుముందు ఎరగరు.

ఫోన్ చేస్తే బావమరిది వచ్చాడు. కంప్యూటర్ల గురించి అతనికి తెలియనిది లేదు. ఈ సంగతి అతనే చెబుతుంటాడు. ఏవో మీటలు నొక్కి సెట్టింగుల తెర తెచ్చాడు.

"ఇక్కడ డిస్క్ పేరు రావాలి బావా. ఖాళీగా ఉంది."

"ఖాళీ అంటే?"

"ఖాళీ అంటే ఖాళీయే. లోపల డిస్క్ ఒకటుందని దీనికి తెలీదు."

"నిన్నటిదాకా తెలుసు కదరా!"

"నన్నంటే ఏం లాభం? ఇంకో కాపీ లేదా?"

"మూడున్నాయి."

"హమ్మయ్య! ఎక్కడ?"

ఆయన లాప్‌టాప్ వైపు వేలు చూపించారు. బావమరిది కాసేపు ఆ వేలినే చూశాడు.

"పెన్‌డ్రైవ్‌లో పెట్టొచ్చుగా?"

"ఎక్కడైనా పడిపోతుందని."

"ఆన్‌లైన్లో?"

"ఎవడైనా దొంగిలిస్తాడని."

"అక్క గొంతు దొంగిలించి ఎవడేం చేసుకుంటాడు బావా? కూర్చుని తిట్లు తింటాడా?"

అక్క బల్ల మీద చరిచి, ఇప్పుడు మాటలకు బదులు వాడే పలక ఎత్తి చూపించింది. 'వాణ్ణి వాగడం ఆపి స్క్రూలు విప్పమనండి.'

విప్పారు. డిస్క్ బయటికి లాగి, దాని పళ్ళు తుడిచి, మళ్ళీ గట్టిగా నొక్కిపెట్టారు. తెర మాట మార్చలేదు. చెవి పెట్టి వింటే లోపల టిక్, టిక్‌మంటోంది. ప్రాణముందన్నమాట అని జాగ్రత్తరావు గారు సంబరపడ్డారు. ఆ చప్పుడు వినగానే బావమరిది మొట్టమొదటిసారి నోరు మూసుకున్నాడు. ఆయనకు భయం వేసింది అప్పుడే.

తన ఫ్యాక్టరీ హెల్మెట్లో భార్య నూలు చున్నీ కుక్కి, అందులో డిస్క్ పెట్టి, ఒళ్ళో పట్టుకుని ఆయన బస్సెక్కారు. పక్కన ఆవిడ. ఆయన ముఖం చూసి, హెల్మెట్ చూసి, ఎదుటి సీటు పెద్దమనిషి లేచి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

రిపేరు షాపు మెకానిక్ ఒక తీగతో డిస్క్‌ను తన కంప్యూటరుకు తగిలించాడు. ఏమీ రాలేదు. తీగ మార్చాడు. ఏమీ రాలేదు. కొంచెం వంచి పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూశాడు.

"వచ్చింది సార్! ఎంతసేపుంటుందో మాత్రం నన్నడక్కండి. చివరి దశలో ఉంది. ఏ ఫోల్డరు ముందు?"

తెర మీద మూడూ కనిపించాయి. మూడింట్లో ఏది పూర్తిగా ఉందో ఆయనకు గుర్తు రాలేదు. కొన్ని రోజులు ముందుదాంట్లోంచి వెనకదాంట్లోకి, కొన్ని రోజులు వెనకదాంట్లోంచి ముందుదాంట్లోకి నకళ్ళు తీశారు మరి.

"ఆలోచించనివ్వండి..."

"మీరు ఆలోచిస్తారు సార్, అది ఆలోచించనిచ్చేలా లేదు."

"అయితే మూడూ తీసేయండి. ఎందుకైనా మంచిది!"

వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. మెకానిక్ మెచ్చుకోలనుకుని నవ్వాడు. భుజం మీద ఆవిడ పలకతో పొడుస్తుంటే జాగ్రత్తరావు గారు తెర మీంచి కళ్ళు తిప్పకుండా "ఉండవే, ఉండు" అన్నారు. మూడు ఫోల్డర్ల నుంచీ ఫైళ్ళు పాతవి ముందుగా, తేదీ వరసలో పక్కపక్కనే దిగుతున్నాయి. తీరా ఆయన తిరిగి చూసేసరికి పలక మీద ఉన్నది: 'ఏదో ఒక్కటి చాలు.'

"ఆగండి, ఒక్కటే—" అనబోయారు. లోపల ఏదో గీసుకున్నట్టు చప్పుడైంది. తెర ఖాళీ అయింది.

"లోపల తిరిగే పళ్ళెం గీసుకుపోయింది సార్," అన్నాడు మెకానిక్. "ఇంక దేవుడొచ్చినా తీయలేడు."

వచ్చినవి మొదటి రోజు ఫైళ్ళు మాత్రమే. భద్రంగా, మూడేసి కాపీలు.

ఆవిడ పలక తుడిచేసి ఒళ్ళో పెట్టుకుంది. తిట్టినా బాగుండేదని ఆయనకనిపించింది.

"ఇది సరిపోదండీ," అంది థెరపిస్టు ఆ మధ్యాహ్నం. "ఇంట్లో వేరే రికార్డింగులు లేవా? ఫోన్లో వాయిస్ మెసేజీల్లాంటివి?"

"పంపేది. ఫోను బరువెక్కి పాడవుతుందని ఎప్పటికప్పుడు చెరిపేసేవాణ్ణి," అన్నారు జాగ్రత్తరావు గారు.

ఉన్న కాసిని మాటలూ ఆవిడవి ఉంచి, లేనివాటికి ఇంకెవరి గొంతో కలిపి నింపుతామన్నారు. కొన్ని వారాలకు టాబ్లెట్ చేతికిచ్చారు. ఆసుపత్రి వరండా బెంచీ మీద కూర్చుని ఆవిడ ఒక్కో అక్షరమే వెతుక్కుని నొక్కింది. యంత్రం పలికింది.

"ఏమండీ, ఏడవకండి. జనం చూస్తున్నారు."

మొదటి రోజు చదివించినవి ఇంట్లో రోజూ వాడే మాటలు. అందుకే 'ఏమండీ' అన్నది ఆవిడే: ఆ చివర్న కాస్త లాగడం, ఆ లాగడంలో కాస్త విసుగు. ఆ పైన ఏడవకండి అన్నదీ, జనం చూస్తున్నారన్నదీ ఎవరో పరాయి ఆడమనిషి, ఇస్త్రీ చేసినంత శుభ్రంగా.

ఆవిడ కనుబొమలెగరేసి పలక అందుకుంది. 'ఈవిడెవరండీ?'

ఆయన నవ్వబోయారు గానీ అది సగంలోనే చెడిపోయింది.

"మొదటి మాట," అన్నారు. "అదొక్కటీ మళ్ళీ అను."

ఆవిడ మిగతాదంతా చెరిపేసి, ఆ ఒక్క మాటా నొక్కింది.